ఒద్దిక చాటున దాగే ఏడీహెచ్‌డీ

ఏడీహెచ్‌డీ అనగానే చాలామందికి గుర్తుకొచ్చేది ఒకచోట కుదురుగా కూర్చోకుండా బెంచీలెక్కి దూకుతూ, పక్కవాళ్లను గిల్లుతూ, ఉపాధ్యాయులకు ఊపిరి సలపనివ్వని మగపిల్లవాడే తప్ప, కిటికీ పక్కన నిశ్శబ్దంగా కూర్చుని, పాఠం సగంలో ఉండగానే మనసు మరెక్కడికో వెళ్లిపోయిన ఆడపిల్ల కాదు. అటెన్షన్ డెఫిసిట్ హైపర్‌యాక్టివిటీ డిజార్డర్ అన్న పేరుకు పొట్టి రూపమైన ఏడీహెచ్‌డీ మెదడు ఎదిగే క్రమంలోనే మొదలయ్యే నాడీవికాస సమస్య. ధ్యాసను కావలసిన చోట నిలపడం, తొందరపాటును అదుపు చేసుకోవడం, పనులను ఒక వరుసలో పెట్టుకుని చివరిదాకా తీసుకెళ్లడం ఇందులో కష్టమవుతాయి. ఇది తెలివితేటల కొరత వల్ల వచ్చేది కాదు, పెంపకంలోని లోపం వల్ల వచ్చేది అంతకన్నా కాదు. కుటుంబాలపైనా కవలలపైనా జరిగిన అధ్యయనాలు దీనికి వంశపారంపర్యమే ప్రధాన కారణమని చెబుతున్నాయి.

వివిధ దేశాల అధ్యయనాలను కలిపి చూసిన పరిశోధకులు ఈ సమస్య పిల్లల్లో సుమారు 5 శాతం మందికి, పెద్దల్లో సుమారు 2.5 శాతం మందికి ఉంటుందని అంచనా వేశారు. ఆలోచింపజేసే విషయం ఆడా మగా నిష్పత్తిలో ఉంది. సాధారణ జనంలో వెతికినప్పుడు ఒక అమ్మాయికి ఇద్దరు ముగ్గురు అబ్బాయిలు కనిపిస్తుండగా, చికిత్స కోసం ఆసుపత్రులకు వచ్చే పిల్లల్లో ఆ తేడా కొన్నిచోట్ల ఒకరికి తొమ్మిది మంది దాకా పెరుగుతుంది, పెద్దవాళ్లలోకి వచ్చేసరికి స్త్రీ పురుషుల సంఖ్య దాదాపు సమానమవుతుంది. నిర్వచనం ప్రకారం ఇది చిన్నతనంలోనే మొదలు కావలసిన సమస్య కనుక, ఇంతమంది స్త్రీలు పెద్దయ్యాక బయటపడుతున్నారంటే వారిలో చాలామంది బడి వయసులో ఎవరి కంటా పడలేదనే అర్థం చేసుకోవాలి. స్టాక్‌హోమ్ ప్రాంతపు వైద్య రికార్డుల ఆధారంగా 2023లో వెలువడిన అధ్యయనంలో పురుషులకన్నా స్త్రీలకు రోగనిర్ధారణ దాదాపు నాలుగేళ్లు ఆలస్యంగా జరుగుతున్నట్టు తేలింది.

ఈ ఆలస్యానికి మూలాలు వైద్య చరిత్రలోనే ఉన్నాయి. 1902లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్‌లో చేసిన ప్రసంగాల్లో ఇలాంటి పిల్లల గురించి వివరించినప్పుడు ఆయన చూపిన ఉదాహరణల్లో అబ్బాయిలే ఎక్కువ. అమెరికన్ మానసిక వైద్యుల సంఘం ప్రచురించే రోగనిర్ధారణ గ్రంథం, డీఎస్ఎం, 1968లో ఈ సమస్యకు చోటిచ్చినప్పుడు అతిగా కదలడాన్నే ప్రధాన లక్షణంగా భావించింది. 1980లో వచ్చిన మూడో కూర్పు మాత్రమే ధ్యాస లోపాన్ని కేంద్రంలో నిలిపి, అతిచురుకుదనం లేకుండా కూడా ఈ సమస్య ఉండవచ్చని ఒప్పుకుంది. ఆ తరువాత కూడా ప్రమాణాలను సరిచూసిన అధ్యయనాల్లో ఎక్కువ భాగం ఆసుపత్రులకు వచ్చిన అబ్బాయిలపైనే సాగాయి. లక్షణాలు ఏడేళ్లలోపే కనిపించి తీరాలన్న నియమం 2013 దాకా కొనసాగి, ఆ ఏడాది వెలువడిన అయిదో కూర్పులో పన్నెండేళ్లకు మారింది. అమ్మాయిల్లో ధ్యాస లోపం తరచుగా పాఠాల బరువు పెరిగే అయిదు, ఆరు తరగతుల్లో గాని బయటపడదు కనుక, చిన్నదిగా కనిపించే ఆ సవరణ వారి విషయంలో చాలా పెద్దది.

ప్రస్తుత ప్రమాణాల్లో మొత్తం 18 లక్షణాలున్నాయి. తొమ్మిది ధ్యాస లోపానికి, తొమ్మిది అతిచురుకుదనం, తొందరపాటులకు చెందినవి. ఏదో ఒక జాబితాలో పిల్లలకైతే కనీసం ఆరు, పదిహేడేళ్లు నిండినవారికైతే కనీసం అయిదు లక్షణాలు, ఆరు నెలలకు తగ్గకుండా, ఇల్లు, బడి వంటి రెండు చోట్లైనా కనిపిస్తూ, చదువుకో పనికో సంబంధాలకో నిజమైన ఆటంకం కలిగిస్తున్నప్పుడే వైద్యులు ఏడీహెచ్‌డీ అని నిర్ధారిస్తారు. అమ్మాయిల్లో మొదటి జాబితా లక్షణాలే ఎక్కువగా ఉంటాయి, అవి ఎవరినీ ఇబ్బంది పెట్టవు. అల్లరి చేసే పిల్లవాడి గురించి ఉపాధ్యాయుడు తల్లిదండ్రులను పిలిపించక తప్పదు గాని, పరధ్యానంగా ఉన్న పిల్ల వల్ల తరగతికి ఏ నష్టమూ లేదు కనుక ఆమె గురించి ఎవరినీ పిలిపించరు. ఒకే రకమైన లక్షణాల వర్ణన చదవడానికి ఇచ్చి, అందులోని బిడ్డ అబ్బాయి అన్నప్పుడు ఒకలా, అమ్మాయి అన్నప్పుడు ఒకలా ఉపాధ్యాయులు స్పందిస్తారా అని పరీక్షించిన పరిశోధనలో, వారు అబ్బాయినే ఎక్కువగా నిపుణుల దగ్గరకు పంపాలన్నారు.

అటువంటి అమ్మాయి నోటు పుస్తకాన్ని ఓపికగా తిరగేస్తే చాలా విషయాలు తెలుస్తాయి. మొదటి నాలుగు పేజీల్లో మార్జిన్లు స్కేలుతో గీసి, తేదీలు ఎర్ర సిరాతో వేసి, శీర్షికల కింద రెండేసి గీతలు కొట్టి ఉంటాయి. పదో పేజీకి వచ్చేసరికి అక్షరాలు సడలి, లెక్క సగంలో ఆగి, మార్జిన్‌లో పువ్వులూ కళ్లూ బొమ్మలుగా మొలుస్తాయి. గణితంలో పద్ధతి సరిగ్గానే ఉన్నా, ప్రశ్నలోని 6 జవాబులోకి 9గా దిగి ఉంటుంది, మైనస్ గుర్తు రెండో వరుసలో జారిపోయి ఉంటుంది. డైరీలో రాసుకున్న హోంవర్క్ సగం వాక్యంతో ఆగిపోతుంది. చేసిన హోంవర్క్ కూడా ఇంట్లోనే మంచం మీద మిగిలిపోతుంది. తెలియక కాదు, తెలిసినదాన్ని పట్టి నిలిపే ధ్యాస మధ్యలో తెగిపోవడం వల్ల ఇలా జరుగుతుంది. అయినా ప్రోగ్రెస్ రిపోర్టులో మాత్రం 'తెలివైనదే గాని శ్రద్ధ పెట్టదు' అన్న ఒక్క మాటే ఏటేటా కనిపిస్తుంది.

అతిచురుకుదనం అమ్మాయిల్లో అసలే ఉండదనుకోవడం కూడా పొరపాటే, అది వేరే రూపంలో ఉంటుంది. వసపిట్టలా ఆగకుండా మాట్లాడటం, ఎదుటివారి మాట పూర్తికాకముందే అందుకోవడం, జడ కొసనో చున్నీ అంచునో మెలితిప్పుతూనే ఉండటం, గోళ్లు కొరకడం, పెన్ను మూత నమలడం వంటివి కాళ్లతో కాక నోటితోనూ వేళ్లతోనూ సాగే కదలికలే. వాటికన్నా లోపలిది ఆలోచనల పరుగు. మంచం మీద వాలిన తరువాత కూడా మనసు ఒక విషయం నుంచి మరో విషయానికి దూకుతూ నిద్ర పట్టనివ్వదు. స్నేహితురాలి చిన్న మాటకే కళ్లలో నీళ్లు తిరగడం, క్షణంలో కోపం రావడం, వెంటనే పశ్చాత్తాపపడటం వంటి భావోద్వేగాల ఉద్ధృతి అధికారిక జాబితాలో లేకపోయినా, ఏడీహెచ్‌డీ ఉన్న అమ్మాయిల్లో తరచుగా కనిపిస్తుందని వైద్యులు గమనించారు. ఇష్టమైన కథల పుస్తకమో బొమ్మల పనో దొరికితే అన్నం మాట మరచి గంటల తరబడి అందులోనే మునిగిపోవడం కూడా ఈ స్థితిలో భాగమే కనుక, 'ఇష్టమైనదానికైతే శ్రద్ధ ఉంటుందే' అన్న ఆక్షేపణతో సమస్యను కొట్టిపారేయడం తగదు.

లక్షణాలు బయటికి కనిపించకుండా పిల్ల తానే దాచుకోవడాన్ని నిపుణులు మాస్కింగ్ అంటారు. తెలుగు ఇళ్లలో ఆడపిల్లకు ఒద్దిక, ఓర్పు, పొందిక చిన్నప్పటినుంచే నూరిపోస్తారు. అబ్బాయి టిఫిన్ డబ్బా బడిలో మరచి వస్తే నవ్వి ఊరుకునే ఇంట్లోనే, అమ్మాయి అదే పని చేస్తే 'ఆడపిల్లకు ఇంత మతిమరుపైతే రేపు ఎలా' అన్న మాట పడుతుంది. ఆ మాట పడకూడదని ఆ పిల్ల రాత్రే సంచి మూడుసార్లు సర్ది చూసుకుంటుంది, తోటివారు గంటలో ముగించే పాఠం కోసం మూడు గంటలు కూర్చుంటుంది, తరగతిలో అర్థంకాని చోట పక్కవారిని చూసి తల ఊపుతుంది. ఫలితంగా మార్కులు బాగానే వస్తాయి, మార్కులు బాగున్న పిల్లకు సమస్య ఉందని ఎవరూ అనుకోరు. అందుకే అమ్మాయిల విషయంలో చూడవలసింది వచ్చిన మార్కులను కాదు, ఆ మార్కుల కోసం ఆమె పడుతున్న ప్రయాసను.

ఈ ప్రయాసకు బయటి కట్టుబాటు ఆసరాగా ఉన్నంతకాలం నెట్టుకురావచ్చు. తెలుగు రాష్ట్రాల్లో పదో తరగతి, ఇంటర్మీడియట్ రెసిడెన్షియల్ కాలేజీల్లో తెల్లవారుజామున లేపే గంట మొదలు రాత్రి స్టడీ అవర్ దాకా ఏ నిమిషంలో ఏం చేయాలో మరొకరే నిర్ణయిస్తారు కనుక, పనిని స్వయంగా ప్రణాళిక వేసుకునే శక్తి బలహీనంగా ఉన్నా అది బయటపడదు. ఇంజనీరింగ్‌లోనో డిగ్రీలోనో చేరి, గంట కొట్టేవారెవరూ లేని హాస్టల్ గదికి మారిన తొలి ఏడాదిలోనే ర్యాంకు తెచ్చుకున్న అమ్మాయికి బ్యాక్‌లాగులు మొదలైతే, ఇంట్లోవారు ఫోన్‌నో స్నేహాలనో నిందిస్తారు. ఫోన్ కారణం కావచ్చు కూడా. అయితే చిన్నతనం నుంచీ ధ్యాస జారిన ఆనవాళ్లున్నాయా అన్న ప్రశ్న వేసుకోకుండా ఆ తీర్పుకు రావడం అన్యాయం.

పెళ్లి తరువాత ఇంటి నిర్వహణ మీద పడినప్పుడు రెండో దెబ్బ తగులుతుంది. పనులను గుర్తుంచుకోవడం, ముందు వెనుకలు నిర్ణయించడం, సమయాన్ని అంచనా కట్టడం, మొదలుపెట్టినదాన్ని ముగించడం అన్న శక్తులన్నింటినీ కలిపి కార్యనిర్వాహక సామర్థ్యాలు అంటారు. ఏడీహెచ్‌డీలో ప్రధానంగా దెబ్బతినేవి ఇవే, ఇల్లు నడపడానికి నిమిష నిమిషం కావలసినవీ ఇవే. కుక్కర్ ఎన్ని కూతలు వేసిందో, పిల్లల ఫీజుకు ఆఖరి తేదీ ఎప్పుడో, అత్తగారి బీపీ మాత్రలు ఎన్ని మిగిలాయో, సిలిండర్ బుక్ చేశారో లేదో ఒకే బుర్రలో ఒకేసారి నిలవాలి. నిలవనప్పుడు ఆమెకు దక్కే బిరుదులు బద్ధకం, నిర్లక్ష్యం, ఇల్లు పట్టనితనం. ఆ మాటలను ఏళ్ల తరబడి విన్న స్త్రీ చివరికి వాటిని తానే నమ్ముతుంది. ఆందోళన, కుంగుబాటులతో వైద్యుని దగ్గరకు వెళ్లినప్పుడు వాటికే చికిత్స జరిగి, అడుగున ఉన్న ఏడీహెచ్‌డీ అలాగే మిగిలిపోవడం సర్వసాధారణం. తమ బిడ్డకు పరీక్షలు జరుగుతున్నప్పుడు వైద్యులు అడిగే ప్రశ్నల్లో తమ బాల్యాన్నే చూసుకుని తల్లులు నిర్ధారణకు రావడం దేశవిదేశాల్లో తరచుగా జరుగుతోంది.

స్త్రీ శరీరధర్మం దీనికి మరో పొరను చేరుస్తుంది. ధ్యాసను నడిపే డోపమైన్ అనే మెదడు రసాయనంపై ఈస్ట్రోజెన్ హార్మోన్ ప్రభావం ఉంటుంది కనుక, నెలసరికి ముందు రోజుల్లో, కాన్పు తరువాత, నెలసరి ఆగిపోయే వయసులో ఆ హార్మోన్ తగ్గినప్పుడు లక్షణాలు ముదురుతున్నట్టు చాలామంది స్త్రీలు చెబుతున్నారు. ఈ రంగంలో పరిశోధన ఇంకా తొలిదశలోనే ఉండటం, ఇన్నాళ్లూ ఎవరిని అధ్యయనం చేశారో చెప్పకనే చెబుతోంది.

గుర్తించకపోవడం వల్ల కలిగే నష్టం మార్కులతో ఆగదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణంలో స్టీఫెన్ హిన్‌షా బృందం ఏడీహెచ్‌డీ ఉన్న 140 మంది బాలికలను 1990ల చివరి నుంచి ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చింది. ధ్యాస లోపం, అతిచురుకుదనం రెండూ కలిసి ఉన్న బాలికల్లో దాదాపు సగం మంది యవ్వనంలోకి వచ్చేసరికి తమను తాము గాయపరచుకున్నారనీ, అయిదో వంతుకు పైగా ఆత్మహత్యా ప్రయత్నం చేశారనీ 2012లో ప్రచురితమైన ఫలితాలు చెబుతున్నాయి. డెన్మార్క్ జనాభా రికార్డుల ఆధారంగా 2015లో వెలువడిన అధ్యయనం, ఏడీహెచ్‌డీ ఉన్నవారిలో అకాల మరణాల ముప్పు పురుషులకన్నా స్త్రీలలోనే మరింత పెరుగుతుందనీ, ఆ మరణాలకు ప్రమాదాలే ప్రధాన కారణమనీ తేల్చింది. నిశ్శబ్దంగా ఉన్న పిల్ల క్షేమంగా ఉందన్న నమ్మకాన్ని ఈ అంకెల ముందు నిలుపుకోవడం కష్టం.

అలాగని మతిమరుపున్న ప్రతి స్త్రీకీ ఏడీహెచ్‌డీ ఉందనుకోవడమూ సరికాదు. సామాజిక మాధ్యమాల్లోని చిన్న వీడియోలు చూసి స్వయంగా నిర్ధారించుకునే ధోరణి పెరుగుతున్న ఈ కాలంలో ఈ హెచ్చరిక అవసరం. రక్తహీనత, థైరాయిడ్ లోపం, నిద్రలేమి, కుంగుబాటు, ఇంట్లోని హింస కూడా ధ్యాసను చెదరగొడతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు కనుక, ఇక్కడి వైద్యులు ముందుగా ఆ పరీక్షలు చేయించడం సబబు. ఏడీహెచ్‌డీని తేల్చే రక్త పరీక్ష గాని స్కానింగ్ గాని లేదు. మానసిక వైద్యులో క్లినికల్ సైకాలజిస్టో బాల్యం నుంచి సాగిన చరిత్రను అడిగి తెలుసుకుని, పాత ప్రోగ్రెస్ రిపోర్టులు, తల్లిదండ్రుల జ్ఞాపకాలు చూసి నిర్ణయిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకారంతో పెద్దల కోసం తయారైన 18 ప్రశ్నల పట్టిక తొలి వడపోతకు పనికొస్తుందే గాని, అదే నిర్ధారణ కాదు.

నిర్ధారణ జరిగితే చేయగలిగింది చాలా ఉంది. స్విట్జర్లాండ్ రసాయన శాస్త్రవేత్త లియాండ్రో పానిజాన్ 1944లో తయారుచేసిన మిథైల్‌ఫెనిడేట్ ఇప్పటికీ ముఖ్యమైన మందు. దాని వాణిజ్య నామం రిటాలిన్ ఆయన భార్య రీటా పేరు నుంచి వచ్చింది. స్త్రీ పేరు పెట్టుకున్న ఆ మందు దశాబ్దాలపాటు ఎక్కువగా అబ్బాయిలకే అందింది. భారత్‌లో అది కఠిన నియంత్రణలో ఉన్నందున నిపుణుల చీటీ మీదే దొరుకుతుంది. సరిపడనివారికి అటామోక్సెటిన్ వంటి ఇతర మందులున్నాయి. గర్భవతులూ, గర్భం కోరుకునేవారూ మందుల విషయం వైద్యునితో ముందే మాట్లాడుకోవాలి. మందులకు తోడుగా ఆలోచనా విధానాన్ని సరిదిద్దే కౌన్సెలింగ్, పనిని చిన్న ముక్కలుగా విడగొట్టుకునే అభ్యాసం, పరీక్షల్లో కొంత అదనపు సమయం, ముందు వరుసలో చోటు చాలా మేలు చేస్తాయి. అయితే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో అభ్యసన లోపాలకు చోటుంది గాని ఏడీహెచ్‌డీకి విడిగా లేదు. ఈ లోటును ప్రభుత్వం తీర్చాలి.

రెండు మూడేళ్లుగా శ్రద్ధ లేదన్న మాటే రిపోర్టుల్లో వస్తున్న అమ్మాయికి ట్యూషన్ మార్చే ముందు తల్లిదండ్రులు ఒకసారి నిపుణుల సలహా తీసుకోవాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం గుర్తించవలసిన సమస్యల్లో ఏడీహెచ్‌డీ కూడా ఉంది కనుక, పద్దెనిమిదేళ్లలోపు వారిని జిల్లా స్థాయి సత్వర చికిత్స కేంద్రాలకు తీసుకెళ్లవచ్చు. పెద్దవారు హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖపట్నాల్లోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలను సంప్రదించవచ్చు. ఎక్కడికి వెళ్లాలో తోచనివారికి కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ సేవ 14416 నంబరులో రోజంతా, ఉచితంగా, తెలుగులోనే అందుబాటులో ఉంది.