గాజుతొట్టెలో హద్దెరుగని పగడాలు

నవరత్నాలలో ఒకటిగా ఉంగరంలో పొదిగే ఎర్ర పగడం సముద్రంలో పెరిగే ఒక జీవి అస్థిపంజరమన్నది చాలామందికి తెలిసినదే. ఆ జీవికి దూరపు చుట్టాలైన కొన్ని పగడాలు రాయిగా గట్టిపడకుండా మెత్తగానే ఉండిపోయి, ఇవాళ నగరాల ఇళ్లలో నూరు లీటర్లకు మించని ఉప్పునీటి తొట్టెలలో పెరుగుతున్నాయన్నది అంతగా తెలియని సంగతి. పగడపు సమూహంలోని ఒక్కొక్క విడి జీవిని పాలిప్ అంటారు. అంచుల వెంట సన్నని చీలికలున్న ఎనిమిది చేతులు ప్రతి పాలిప్‌కూ ఉండడం మెత్తని పగడాలు చేరే అష్టభుజ వర్గపు గుర్తు. దిబ్బలు కట్టే గట్టి పగడాలు తమ కింద సున్నపు గూడును పొరలు పొరలుగా పేర్చుకుంటూ నెమ్మదిగా ఎదుగుతాయి. మెత్తని పగడాలు ఆ శ్రమ పెట్టుకోక, కంటికి కనిపించనంత చిన్న సున్నపు ముళ్లను ఒంటి కండలోనే చల్లుకొని సరిపెట్టుకుంటాయి కనుక, మిగిలిన శక్తిని పాకడానికి వెచ్చించగలుగుతాయి.

కొత్తగా తొట్టె పెట్టుకున్నవారికి దుకాణాలలో ముందుగా చూపించేవి జీనియా, గ్రీన్ స్టార్ పాలిప్, కెన్యా ట్రీ వంటివే. ఇవి ఒకపట్టాన చావవన్న సిఫారసులో నిజం లేకపోలేదు గాని, వీటిని బతికించడం ఎంత తేలికో ఒకచోట ఆపి ఉంచడం అంత కష్టమన్న రెండో సగం అమ్మకపు మాటల్లో వినబడదు.

1816లో ప్రకృతి శాస్త్రజ్ఞుడు లామార్క్ పేరుపెట్టిన జీనియా జాతికి, దాని దగ్గరి బంధువులకు మరే పగడానికీ లేని ఒక చిత్రమైన అలవాటుంది: పాలిప్‌లు తమ చేతులను పిడికిలిలా మూస్తూ తెరుస్తూ, రాత్రింబవళ్లు దాదాపు ఆగకుండా కదులుతూనే ఉంటాయి. తిండి పట్టుకోవడానికే ఈ కదలిక అని అనుకోవడం సహజమే కాని, వీటి పొట్టల్లో వేటాడిన ఆహారం కనిపించడం అరుదు. ఎర్రసముద్రంలోని ఐలాత్ వద్ద ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు జీనియా బంధువైన హెటెరోజీనియాపై చేసి 2013లో ప్రచురించిన పరిశోధన, మరి ఈ కదలిక దేనికన్న ప్రశ్నకు జవాబు చెప్పింది. ఈ పగడాల కండలో సూక్ష్మ శైవలాలు కాపురముంటూ, వెలుతురుతో వండిన ఆహారంలో కొంత ఆశ్రయమిచ్చిన జీవికి పంచుతాయి. ఆ వంటలో పుట్టిన ప్రాణవాయువు ఒంటి చుట్టూ పేరుకుపోతే వంటే మందగిస్తుంది. చేతుల కదలిక ఆ వాయువును తరిమివేసి, శైవలాల ఉత్పత్తిని పలురెట్లు పెంచుతుంది. ఒకసారి వాడిన నీటినే పక్క పాలిప్ మళ్లీ తీసుకోకుండా పైకి తోసేస్తుంది కూడా. అందాన్ని చూసి కొనేవారికి ఈ కదలిక ఒక నాట్యంలా కనిపించవచ్చు గాని, దిబ్బ మీద చోటు కోసం జరిగే పోటీలో అది ఆ జీవి పెట్టే పెట్టుబడి.

వ్యాప్తి చెందే తీరు ఒక్కో జాతిది ఒక్కో రకం. జీనియా అడుగును సాగదీస్తూ రాయి మీద మెల్లగా జరుగుతుంది, వెనుక వదిలిన చిన్న కండముక్క కొత్త సమూహమవుతుంది. కెన్యా ట్రీ తన కొమ్మలను తానే తెంపి నీటి ప్రవాహంలోకి వదులుతుంది, అవి ఏ రాతి సందున చిక్కుకుంటే అక్కడే నాటుకుంటాయి. ఇక గ్రీన్ స్టార్ పాలిప్ ఊదారంగు తోలులాంటి పొరను పరుస్తూ పోతుంది. ఆ పొర దారికి అడ్డొచ్చిన గట్టి పగడం మీదికి ఎక్కి, వెలుతురు అందకుండా చేసి చంపుతుంది. కృష్ణా, గోదావరి కాలువలను కప్పేసే గుర్రపుడెక్క కూడా పూల అందం కోసం విదేశం నుంచి తెచ్చుకున్నదేనన్నది ఇక్కడ గుర్తుంచుకోదగిన విషయం.

అందువల్ల ఈ పగడాలను పెంచడంలో అసలైన నిర్ణయం నీటి రసాయనానికి సంబంధించినది కాదు, మొదటి రోజున ముక్కను ఎక్కడ పెడతారన్నదానికి సంబంధించినది. తొట్టెలోని ప్రధాన రాతికట్టు మీద గ్రీన్ స్టార్ పాలిప్‌ను అంటించడమంటే ఆ కట్టు మొత్తాన్ని దానికి రాసిచ్చినట్టే. చుట్టూ కనీసం బెత్తెడు ఇసుక ఉండేలా విడిగా ఒక చిన్న రాయి వేసి దాని మీద పెడితే, పొర సాధారణంగా ఇసుకను తేలిగ్గా దాటలేదు, దాటబోయినప్పుడు కంటపడుతుంది. వెనుక అద్దానికే అంటించి పచ్చిక గోడలా పెరగనివ్వడం ఇంకా మంచి పద్ధతి, ఎందుకంటే అద్దం మీది పొరను బ్లేడుతో గీస్తే పలకలు పలకలుగా ఊడివస్తుంది, గరుకు రాతి మీద అది సాధ్యం కాదు. ఇసుక కట్టడి జీనియాకు అంతగా పనికిరాదు; తెగిన ముక్క నీటిలో కొట్టుకుపోయి ఎక్కడైనా పట్టుకోగలదు కనుక, దానికి విడిగా ఒక తొట్టెనే కేటాయించడం తెలివైన పని.

నీటి సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. కిలో నీటికి సుమారు 35 గ్రాముల లవణం, 24 నుంచి 27 డిగ్రీల వేడి, ఒక మోస్తరు వెలుతురు చాలు. చిన్న తొట్టెలో నీరు ఆవిరైనకొద్దీ లవణ సాంద్రత త్వరగా పెరుగుతుంది గనుక, తగ్గినంత మేర రోజూ ఉప్పు కలపని ఆర్వో నీటిని పోయాలి; తెలుగు నేలల మీద ఏప్రిల్, మే నెలల్లో నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం లేకుండా ఈ వేడిని నిలబెట్టడం దాదాపు అసాధ్యం. మరీ శుద్ధమైన నీరు వీటికి నచ్చదు. చేపల వ్యర్థాల నుంచి వచ్చే నైట్రేటు కొంత ఉంటేనే జీనియా బాగా పెరుగుతుంది. అదే జీనియా ఒక్కోసారి ఉన్నట్టుండి రెండు మూడు రోజుల్లో కరిగిపోయి నీటిని పాడుచేయడమూ కద్దు.

పైకి శాంతంగా కనిపించే ఈ తొట్టెలో రసాయన పోరు నడుస్తూ ఉంటుంది. మెత్తని పగడాలు, ముఖ్యంగా లెదర్ కోరల్ అని పిలిచే సార్కోఫైటన్, టెర్పీన్ జాతి రసాయనాలను నీటిలోకి వదిలి పక్కనున్న గట్టి పగడాల ఎదుగుదలను దెబ్బతీస్తాయి. సముద్రంలో అలలు ఆ రసాయనాలను పలుచబరుస్తాయి, యాభై లీటర్ల తొట్టెలో అవి ఎక్కడికీ పోవు. యాక్టివేటెడ్ కార్బన్ సంచిని వడపోతలో ఉంచి తరచూ మార్చడం, వారానికొకసారి కొంత నీరు మార్చడం ఇందుకే అవసరం.

పెరిగినదాన్ని తొలగించేటప్పుడు ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. ఇదే తొట్టెలలో కనిపించే జోఆంథిడ్ అనే బొత్తాం ఆకారపు పాలిప్‌లు మెత్తని పగడాలు కాకపోయినా వాటితో కలిసే అమ్ముడవుతాయి. వాటిలో కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే తీవ్ర విషం ఉంటుంది. రాతిని మరిగించి శుభ్రం చేయబోయిన ఇళ్లలో ఆ ఆవిరి పీల్చి మనుషులు ఆస్పత్రి పాలైన సందర్భాలు వైద్య పత్రికలలో నమోదయ్యాయి. రాతిని మరిగించడం, వేడినీటితో కడగడం ఎన్నడూ చేయరాదు. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు లేకుండా కత్తెర పట్టరాదు.

మిగులు ముక్కలను మొదట్లో మిత్రులు అడిగి తీసుకుంటారు, ఏడాది తిరిగేసరికి ఉచితంగా ఇస్తామన్నా తీసుకునేవారుండరు. సముద్రంలో వదిలేద్దామన్న ఆలోచన అప్పుడే పుడుతుంది. వెనెజులాలోని మొచిమా జాతీయ ఉద్యానం తీరాన 2014లో వెలుగులోకి వచ్చిన జీనియా కుటుంబపు పగడం, తరువాత ఊనోమియా స్టోలోనిఫెరాగా గుర్తింపు పొందినది, అక్వేరియం వ్యాపారం ద్వారానే అక్కడికి చేరిందని పరిశోధకుల నిర్ధారణ. స్థానిక పగడాలనూ సముద్రపు గడ్డినీ అది కప్పేసింది. అదే జాతి హవాయిలోని పెర్ల్ హార్బర్‌లోనూ 2020లో బయటపడి, నిర్మూలన పనులకు కారణమయింది. భారతదేశంలో గట్టి పగడాలన్నీ, అష్టభుజ వర్గానికే చెందిన సముద్రపు విసనకర్రలూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నందున, మెత్తని పగడం కొనేటప్పుడు అది అతుక్కొని ఉన్న రాయి ఏమిటో కూడా విచారించుకోవడం మేలు. ఇక కత్తిరించిన ముక్కల విషయానికొస్తే, వాటిని ఒక పూట మంచినీటిలో ఉంచితే చనిపోతాయి, ఆపైన ఎండబెట్టి చెత్తలో వేయవచ్చు. తొట్టె నుంచి తీసిన ఉప్పునీటిని తీరప్రాంతాల ఇళ్లవారు కాలువలోకి గాని సముద్రంలోకి గాని పారబోయకూడదు.