నైట్రోజన్ క్యానూ, మెదడు ముక్కా

గురజాల వైపు పల్లెల్లో గేదె ఎదకొచ్చిందని కబురు పెడితే కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్ర బండి వెనక ఒక క్యాన్ కట్టుకుని వస్తాడు. మూత తీయగానే తెల్లటి పొగ. లోపల మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్, అందులో మునిగిన సన్నటి స్ట్రాల్లో దున్నపోతు వీర్యం. ఏళ్లు గడిచినా జీవం పోదు. మెదడు కణితిలో టెలొమరేజ్ ఎంజైము పని కొలవాలన్నా అలాంటి క్యానే కావాలి. ఆపరేషన్ చేసి తీసిన ముక్క అప్పటికప్పుడు గడ్డకట్టాలి. మామూలుగా చేసినట్టు ఫార్మలిన్ సీసాలో వేస్తే కణాల ఆకారం నిలుస్తుంది గానీ ఎంజైము పని సున్నా.

క్రోమోజోముల కొసల్లో టీటీఏజీజీజీ అనే ఆరు డీఎన్ఏ అక్షరాలు వేలసార్లు వరసగా ఉంటాయి. కణం చీలినప్పుడల్లా ఆ కొస కాస్త అరుగుతుంది. అరిగినదాన్ని అతికేది టెలొమరేజ్. 1984 క్రిస్మస్ రోజున శాస్త్రవేత్త ఎలిజబెత్ బ్లాక్‌బర్న్ ప్రయోగశాలలో క్యారోల్ గ్రైడర్ దీని జాడ పట్టుకుంది. నాడీకణాలు చీలవు కాబట్టి పెద్దవాళ్ల ఆరోగ్యమైన మెదడులో దీని అలికిడి దాదాపు ఉండదు. 1995లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పరిశీలనలో మాత్రం గ్లయోబ్లాస్టోమా అనే మెదడు కణితుల్లో ముప్పాతిక వంతులో ఇది కనబడింది.

కొలవడమంటే తూచడం కాదు. మిరపకోతకు ఎందరు కూలీలు వచ్చారన్నది ఒకటి, పొద్దుగూకేసరికి ఎన్ని కాయలు కోశారన్నది ఇంకొకటి. 1994లో వచ్చిన ‘ట్రాప్’ పరీక్ష చూసేది రెండోదాన్ని. ముక్కను నూరి, డిటర్జెంటు ద్రావణంలో అరగంట మంచు మీద ఉంచి, గిర్రున తిప్పి పైతేట తీస్తారు. దానికి ఒక పొట్టి డీఎన్ఏ పోగు అందిస్తారు. ఎంజైము బతికుంటే పోగు చివర ఆరేసి అక్షరాలు అతుకుతూ పోతుంది. ఆ పోగుల్ని పీసీఆర్‌తో లెక్కలేనన్ని నకళ్లుగా పెంచి జెల్ మీద నడిపిస్తే నిచ్చెన మెట్లలా గీతలు తేలతాయి.

మెట్లు కనబడగానే సంబరపడకూడదు. అదే పైతేటను ఎంజైము చచ్చేలా 85 డిగ్రీల దగ్గర పది నిమిషాలు కాచి పక్కనే నడపాలి. కాచినదాంట్లోనూ మెట్లు తేలితే అది ఎంజైము పని కాదు, ఎక్కడో కల్తీ జరిగింది. అసలు మెట్లే రాకపోయినా నమ్మడానికి లేదు. అందుకే ప్రతి గొట్టంలో సాక్షిగా ఇంకో డీఎన్ఏ ముక్క వేస్తారు. సాక్షి గీత కూడా రాకపోతే కణజాలంలోని సరుకేదో పీసీఆర్‌ను అడ్డుకుందన్నమాట. పలచన చేసి మళ్లీ మొదలుపెట్టాలి. నన్నడిగితే ఈ పరీక్ష తెలివంతా ఈ అనుమానంలోనే ఉంది.

మెదడు కణాల్లో ఎంజైముల పని చూడడం మన తెలుగు నేలకు కొత్త కాదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో కల్లూరి సుబ్బారావు బృందం ముసలి ఎలుకల నాడీకణాల సారంలో డీఎన్ఏ మరమ్మతు కుంటుపడడం గమనించింది. పాలిమరేజ్ బీటా, లైగేజ్ అనే రెండు ఎంజైములు బయటి నుంచి కలిపితే మరమ్మతు మళ్లీ సాగింది. అదీ పని కొలిచే లెక్కే.

ఈమధ్య ఒక దగ్గరిదారి దొరికింది. టెలొమరేజ్‌ను తయారుచేయించే టెర్ట్ జన్యువు ముందుభాగంలో ఒక్క అక్షరం మారితే ఎంజైముకు తలుపు తెరుచుకుంటుంది. ఈ మార్పును 2013లో మొదట మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో, వెంటనే మెదడు కణితుల్లోనూ గుర్తించారు. డీఎన్ఏ గట్టిపిండం. ఫార్మలిన్‌లో తడిసి, మైనపు దిమ్మలో కూరుకుపోయిన ముక్కలోంచి కూడా చదవొచ్చు. మాచర్ల మనిషికి గుంటూరులో ఆపరేషన్ జరిగితే ఆ దిమ్మ తీరిగ్గా ఏ ఊరికైనా వెళ్లొచ్చు. కాకపోతే అది చెప్పేది తలుపు తెరిచుందని మాత్రమే. లోపల పని జరుగుతోందో లేదో చూడాలంటే థియేటర్ గుమ్మం దగ్గర ఎవరో ఒకరు నైట్రోజన్ క్యాన్ పట్టుకుని నిలబడాల్సిందే.