పగడమునకు పగ, తాబేలునకు మేలు: కృష్ణ ఒండ్రు

కండ్లకు అద్దపు ముసుగు, నోట మూరెడు గాలిగొట్టము ధరించి లక్షద్వీపములలో పగడపు దిబ్బలపై ఈదువారికి, సముద్రపు గడ్డిని మేయు పచ్చ తాబేళ్ళు కనబడుచుండును. పెడన విద్యార్థి సమీపమున నున్న మంగినపూడి తీరమున ఇట్టి దృశ్యమును చూడగలడా? చూడలేడు. దానికి ముఖ్యకారణము కృష్ణానదియే.

పగడపు దిబ్బ రాతివలె కనబడినను, అది మిక్కిలి చిన్న జంతువులు కట్టిన కట్టడము. పగడపు జీవి దేహములో నివసించు శైవలములు సూర్యకాంతితో ఆహారమును తయారుచేసి దానికి పంచిపెట్టును. కనుక పగడమునకు వెచ్చనిదియు, తేటయైనదియు నగు ఉప్పునీరు కావలెను. కృష్ణ తెచ్చు మంచినీరు ఉప్పదనమును తగ్గించును. ఒండ్రు వెలుతురును అడ్డగించును. జీవులపై పేరుకొని వానిని కప్పివేయును. ఒక గాజుగ్లాసులో తేటనీటిని, మరియొకదానిలో వరదకాలపు కాలువనీటిని పోసి, వెనుక అచ్చుకాగితము నుంచి చూడుడు. ఈ భేదము తరగతిలోనే తెలియగలదు.

అయితే పగడమునకు గిట్టని నదియే తాబేలునకు పురిటిల్లు కట్టిపెట్టినది. నది తెచ్చిన ఇసుకను అలలు దివిసీమ అంచున దిబ్బలుగా పేర్చినవి. వీనిపైకి జనవరి మొదలు ఏప్రిల్ వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రివేళ వచ్చును. వీని చిప్ప పొడవు సుమారు 65 సెంటీమీటర్లు. బరువు సుమారు 40 కిలోగ్రాములు. ఆడ తాబేలు గొయ్యి త్రవ్వి, దాదాపు 100 గ్రుడ్లు పెట్టి, ఇసుక కప్పి మరలిపోవును. ఇసుక వేడియే వానిని 45 నుండి 60 దినములు పొదుగును. వేడి ఎక్కువైనచో ఆడవి, తక్కువైనచో మగవి అధికముగా పుట్టును.

తాబేలునకు మొప్పలు లేవు. మనవలె ఊపిరితిత్తులతోనే గాలి పీల్చును. ఈతగానికి గొట్టమున్నది; తాబేలు మాత్రము నీటిపైకి రాక తప్పదు. ట్రాలు వలలో చిక్కినది పైకి రాలేక ఊపిరాడక చచ్చును. తూర్పుతీరమున వేట నిషేధము ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు అమలులో నుండును. అప్పటికి గ్రుడ్లు పెట్టు కాలము చాలవరకు గడచిపోవును.

దీనికి ఉపాయము కలదు. వలలో ఏటవాలుగా కమ్ముల చట్రము నమర్చినచో, రొయ్యలు సందులగుండ వల చివరకు చేరును. తాబేలు చట్రమునకు తగిలి, ప్రక్కనున్న ద్వారమున బయటపడును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఈ తాబేళ్ళకు అత్యున్నత రక్షణ నిచ్చుచున్నది. అటవీశాఖ దివిసీమ తీరమున గ్రుడ్లను సేకరించి, కాపాడి, పిల్లలను సముద్రములో విడుచుచున్నది. పిల్లలు వెలుగువైపు నడచును గనుక, రాత్రివేళ తీరమున దీపములు వెలిగించినచో దారి తప్పును.

నది ఇసుక నిచ్చినది. ఆ ఇసుక చేరవచ్చు తల్లి వలలో చిక్కకుండ చూచుట మన వంతు.