అంకెలు బొమ్మ కడితే...

పల్లికాయ బస్తాలు బండికెత్తే ముందు రైతు మనసులో మెదిలే ప్రశ్న ఒక్కటే... 'ఇవాళ ఏ యార్డులో ధర బాగుంది?' గద్వాలా, వనపర్తా, నాగర్‌కర్నూలా? 2016లో వేర్వేరు జిల్లాలైనా, మూడూ పాత పాలమూరువే. మూడూ యాసంగి పల్లికి పేరున్నవే. ప్రశ్న చిన్నదే కానీ, జవాబు అంకెల గుట్టలో దాక్కుని ఉంటుంది.

కేంద్ర ప్రభుత్వం 2000లో మొదలుపెట్టిన 'ఆగ్‌మార్క్‌నెట్‌' మార్కెట్ల వారీగా రోజువారీ వివరాలిస్తుంది. వచ్చిన సరుకెంత, కనిష్ఠ ధరెంత, గరిష్ఠ ధరెంత, ఎక్కువ సరుకు ఏ ధరకు అమ్ముడైంది... అంటే యార్డుకు రోజుకు నాలుగు అంకెలు. ఏడాదిలో 300 రోజులు వ్యాపారం సాగిందనుకుంటే మూడు యార్డులకూ కలిపి 3,600. పదేళ్లకు 36,000! పట్టిక చూస్తే కళ్లు తిరగాల్సిందే.

వాటినే గ్రాఫుగా గీస్తే? అదే డేటా విజువలైజేషన్‌. ఇది నిన్నటి విద్యేం కాదు. 1786లోనే స్కాట్లండ్‌కు చెందిన విలియం ప్లేఫెయిర్‌ ఇంగ్లండ్‌ ఎగుమతి, దిగుమతుల లెక్కల్ని గీతలుగా గీసి చూపించాడు. ఇప్పుడా పనిని కంప్యూటర్లోని స్ప్రెడ్‌షీట్‌ క్షణాల్లో చేసేస్తుంది.

అడ్డంగా తేదీలు, నిలువుగా ధరలు పెట్టి, కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్య ఓ పట్టీలా రంగు నింపాలి. ఎక్కువ సరుకు అమ్ముడైన ధర ఆ పట్టీలో గీతలా సాగుతుంది. గీత అడుగునే ఉందంటే గరిష్ఠ ధర దక్కింది ఏ కొద్ది రాశులకో అన్నమాట! తేమ, తాలు ఉన్న సరుకుకు ఆ ధర రాదు. పెద్ద అంకె ఒక్కటీ విని బండి కట్టిన రైతుకు చివరికి కిరాయి ఖర్చే మిగలొచ్చు.

కింద వరసగా, వచ్చిన సరుకును కడ్డీలుగా గీయాలి. ధర ఎగిరిన రోజున కడ్డీ పొట్టిగా ఉంటే, ఆ ధర పలికింది కొద్దిపాటి సరుకుకే. రేపు బండ్లు బారులు తీరితే అదే ధర ఉంటుందన్న భరోసా లేదు.

బొమ్మ కూడా బోల్తా కొట్టించగలదు. నిలువు గీతపై అంకెలు 5,900 దగ్గర మొదలైతే, క్వింటాలు 6,000 నుంచి 6,100కు పెరిగినా కొండెక్కినట్టే కనిపిస్తుంది. నిజానికి పెరిగింది వంద రూపాయలే!

అందుకే బొమ్మ చూసేముందు పక్కనున్న అంకెలు చదవాలి. రేపటి ధర గ్రాఫు చెప్పదు. కానీ బండి కదిలేలోగా యార్డులో అడగాల్సిన మాటేదో చెబుతుంది... 'గరిష్ఠ ధర సరే, ఎక్కువ మందికి దక్కిందెంత?'