విండోస్ గేమ్స్ లినక్స్‌లో ఎలా నడుస్తున్నాయి? దాని వెనక ఉన్నది ఎవరు?

చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటి ఈ ఎపిసోడ్‌లో తీసుకుందాం. "అన్నా, పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసుకుంటే గేమ్స్ ఆడుకోవచ్చా?" ఒక్క ముక్కలో చెప్పాలంటే, చాలా గేమ్స్ ఆడుకోవచ్చు, కొన్ని అస్సలు కుదరవు. ఎందుకో తెలిస్తే మీ సంగతి మీరే తేల్చుకోవచ్చు.

ఈ ప్రశ్న ఇప్పుడే ఎందుకు వస్తోంది? 2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 వేసుకోవాలంటే టీపీఎం 2.0 ఉండాలి, ప్రాసెసర్ కూడా వాళ్ళ లిస్ట్‌లో ఉండాలి. ఇంట్లోవాళ్ళు కష్టపడి కొనిచ్చిన ల్యాప్‌టాప్ బాగానే పనిచేస్తున్నా, ఆ లిస్ట్‌లో ఉండకపోవచ్చు. అలాగని దాన్ని మూల పడేయాలా?

లినక్స్ మనకి కొత్తేం కాదు. మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే, దాని లోపల నడుస్తున్నది లినక్స్ కెర్నలే. 1991లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే స్టూడెంట్ దాన్ని హాబీగా మొదలుపెట్టాడు. ఈ హాబీ అనే మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

సరే, అసలు విషయానికి వద్దాం. విండోస్ కోసం తయారైన గేమ్, విండోస్ భాషలోనే అడుగుతుంది. "ఈ ఫైల్ తెరువు, ఈ సౌండ్ వినిపించు, ఈ బొమ్మ గీయి" అని. లినక్స్‌కి ఆ భాష రాదు. అందుకే మధ్యలో అనువాదం చేసేవాడు ఒకడు కావాలి. వాడి పేరే వైన్. 1993లో మొదలైన ప్రాజెక్ట్ ఇది. వైన్ విండోస్‌ని కాపీ చేసి నడపదు, గేమ్ అడిగిన ప్రతి పనినీ లినక్స్‌కి అర్థమయ్యేలా మార్చి చెబుతుందంతే. అందుకే స్పీడ్ పెద్దగా తగ్గదు.

గ్రాఫిక్స్ దగ్గర మాత్రం చాలా ఏళ్ళు ఇబ్బంది ఉండేది. గేమ్స్ వాడేది డైరెక్ట్‌ఎక్స్, లినక్స్‌లో ఉండేది వల్కన్. ఫిలిప్ రెబోలె అనే ప్రోగ్రామర్‌కి నియర్ ఆటోమాటా అనే గేమ్‌ని లినక్స్‌లో ఆడాలనిపించింది. అది సరిగ్గా నడవట్లేదు. దాంతో డైరెక్ట్‌ఎక్స్‌ని వల్కన్‌లోకి మార్చే డీఎక్స్‌వీకే రాయడం మొదలుపెట్టాడు. చూశారా, మళ్ళీ హాబీయే! 2018లో వాల్వ్ కంపెనీ ఆ పనికి డబ్బులిచ్చి, వైన్‌నీ డీఎక్స్‌వీకేనీ కలిపి ప్రోటాన్ పేరుతో స్టీమ్‌లో పెట్టింది. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ నడిచేది కూడా దీనిమీదే.

ఫోన్‌లో పీసీ గేమ్స్ ఆడించే విన్‌లేటర్ యాప్ గురించి వినే ఉంటారు. దాంట్లో ఉన్నదీ ఈ వైనే. కాకపోతే ఫోన్ ప్రాసెసర్ వేరే రకం కాబట్టి, బాక్స్64 అనే రెండో అనువాదకుడు కూడా ఉంటాడు.

మరి కుదరనివి ఏంటి? ఎక్కువగా ఆన్‌లైన్ కాంపిటీటివ్ గేమ్స్. చీటింగ్ పట్టుకోవడానికి పెట్టే యాంటీ-చీట్ దగ్గరే వస్తుంది చిక్కంతా. వాలరెంట్‌లోది విండోస్ కెర్నల్ లోపల కూర్చుంటుంది, కాబట్టి లినక్స్‌లో ఆ గేమ్ నడవదు. ఈజీ యాంటీ-చీట్, బ్యాటిల్ఐ 2021 నుంచి ప్రోటాన్‌తో పనిచేయగలవు, కానీ గేమ్ కంపెనీ ఒప్పుకోవాలి. ఏపెక్స్ లెజెండ్స్ వాళ్ళు ముందు ఒప్పుకుని, 2024లో లినక్స్‌ని ఆపేశారు. చీటర్లని పట్టుకోవడం కష్టమవుతోందన్నది వాళ్ళ వాదన. మీ ఫ్రెండ్స్ అందరూ ఆడేది వాలరెంటే అయితే, నా మాట విని విండోస్‌లోనే ఉండండి.

ఇప్పుడు నాకు ముఖ్యం అనిపించే విషయం. గేమ్స్ వేలల్లో ఉన్నాయి, ల్యాప్‌టాప్‌లు ఎన్ని రకాలో లెక్కే లేదు. అన్నీ కూర్చుని టెస్ట్ చేయడం ఏ కంపెనీ వల్లా కాదు. ఆ పని చేస్తున్నది ఆడేవాళ్ళే. ప్రోటాన్‌డీబీ అనే సైట్‌లో ఏ గేమ్ ఎలా నడిచిందో వాళ్ళే రాస్తారు. దాన్నిబట్టి ఆ గేమ్‌కి ప్లాటినం, గోల్డ్, సిల్వర్ అని రేటింగ్ వస్తుంది.

ఇక్కడ రాసే తీరు చాలా ముఖ్యం. "పనిచేయట్లేదు బ్రో" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. "ఉబుంటు 24.04, 8 జీబీ ర్యామ్, ఇంటెల్ గ్రాఫిక్స్. మెనూ వచ్చింది, ఇంట్రో వీడియో బదులు రంగు పట్టీలు కనిపించాయి. ప్రోటాన్ వెర్షన్ మార్చాక పోయాయి" అని రాయండి. అదే ల్యాప్‌టాప్ ఉన్న ఇంకొకరికి ఒక సాయంత్రం మిగులుతుంది. సరిచేసేవాళ్ళకి ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

అందుకే కొత్తవాళ్ళు ఏదైనా అడిగితే "ముందు మాన్యువల్ చదువుకుని రా" అని కసురుకునే అలవాటు లినక్స్‌కే నష్టం. పెద్ద పెద్ద గ్రాఫిక్స్ కార్డులు ఉన్నవాళ్ళ రిపోర్టులు ఎలాగూ వస్తాయి. మామూలు ల్యాప్‌టాప్ మీద ఏమవుతుందో చెప్పగలిగేది అది వాడేవాళ్ళే. అడిగినవాణ్ణి తరిమేస్తే ఆ సమాచారం కూడా వాడితోపాటే పోతుంది. మన దగ్గర స్వేచ్ఛ లాంటి సంస్థ కాలేజీల్లో లినక్స్ గ్రూపులని పెంచింది. పక్కన కూర్చుని తెలుగులో చెప్పేవాళ్ళు ఒకరుంటే, మొదటి వారం భయం సగం పోతుంది.

ఇక మీరు చేయాల్సినవి మూడు. ఒకటి, మీరు నిజంగా ఆడే అయిదు గేమ్స్ పేర్లు రాసుకుని ప్రోటాన్‌డీబీలో చూడండి. రేటింగ్ ఒక్కటే కాదు, మీలాంటి గ్రాఫిక్స్ ఉన్నవాళ్ళు ఈమధ్య రాసినవి చదవండి. రెండు, డీఎక్స్‌వీకే కొత్త వెర్షన్లకి వల్కన్ 1.3 కావాలి. మరీ పాత చిప్‌లలో అది ఉండదు, ముందే చూసుకోండి. మూడు, పెన్‌డ్రైవ్‌లో లినక్స్ పెట్టి, ఇన్‌స్టాల్ చేయకుండానే వైఫై, సౌండ్ పనిచేస్తున్నాయో లేదో చూడండి. ఇన్‌స్టాల్ చేసేముందు ఫోటోలు, ప్రాజెక్ట్ ఫైల్స్ బ్యాకప్ తీసుకోవడం మాత్రం మర్చిపోవద్దు.

గేమ్ నడిచినా, నడవకపోయినా ఒక నాలుగు లైన్లు వివరంగా రాసి పెట్టండి. మీరు చదివిన రిపోర్టులన్నీ అలా ఎవరో తీరిక చేసుకుని రాసినవే. వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం. ఉంటాను!