ఎనిమిదో నెలలో బీపీ: "బానే ఉన్నా" అంటే సరిపోదు (ఎపిసోడ్ పూర్తి టెక్స్ట్)

ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్‌ని కాదు. బీటెక్ చదివి, నాలుగేళ్లు కోడ్ రాసి, ఇప్పుడు మీ ముందు కూర్చుని మాట్లాడుతున్నవాణ్ణి. ఈ రోజు టాపిక్ మాత్రం మా ఇంట్లోనే జరిగింది. అక్క సరేనన్నాకే చెప్తున్నా.

అక్క పురిటికి తెనాలి వచ్చింది. డాక్టర్ల లెక్కలో 34 వారాలు. ఓ రోజు సాయంత్రం వేలి ఉంగరం తీద్దామంటే రావట్లేదు. మొహం కూడా ఉబ్బినట్టుంది. మా పెద్దమ్మ చూసి, "నెలలు నిండుతుంటే నీరు పట్టడం మామూలేగా, ఉప్పు తగ్గించవే" అంది. కాళ్లకి కొంచెం నీరు రావడం నిజంగానే చాలామందికి మామూలే. కానీ చేతులు, మొహం ఉన్నట్టుండి ఉబ్బితే మాత్రం పట్టించుకోవాలి. నాన్నకి బీపీ ఉంది కాబట్టి ఇంట్లో మెషిన్ ఉంది. ఊరికే పెట్టి చూశాం. 148/96.

"నాకేం లేదురా, బానే ఉన్నా" అంది అక్క. అబద్ధం కాదు, నిజంగానే బాగుంది. తలనొప్పి లేదు, కళ్లు తిరగట్లేదు, అప్పుడే రెండు పెసరట్లు తింది. ఈ జబ్బుతో వచ్చిన చిక్కే ఇది. బీపీ నొప్పి పెట్టదు. కొలిస్తేనే తెలుస్తుంది.

అప్పుడు నాన్న ఒక పని చేయబోయారు. "నా టాబ్లెట్ సగం వేసుకోమ్మా, తగ్గిపోతుంది" అన్నారు, ప్రేమతోనే. నేను ముందు డాక్టర్‌కి ఫోన్ చేద్దామన్నా. ఆ స్ట్రిప్ మీద పేరు టెల్మిసార్టాన్. కడుపుతో ఉన్నప్పుడు ఆ రకం మందులు వాడకూడదు, బిడ్డ కిడ్నీలు దెబ్బతినొచ్చు. ఎనాలాప్రిల్ లాంటివి కూడా అంతే. గర్భిణులకి ఇచ్చే బీపీ మందులు వేరే ఉన్నాయి: లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా. ఏది, ఎంత డోసు అనేది డాక్టరే చెప్పాలి. వీడియోలో ఇంకేం గుర్తుండకపోయినా ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి, ఇంట్లో పెద్దవాళ్ల బీపీ టాబ్లెట్ కడుపుతో ఉన్నవాళ్లకి వేయొద్దు.

అసలు ఎందుకొస్తుంది? మొదటి నెలల్లో గర్భసంచిలో రక్తనాళాలు బాగా వెడల్పవ్వాలి, మాయకి రక్తం ధారాళంగా అందడానికి. కొంతమందిలో అవి సరిగ్గా వెడల్పు అవ్వవు. రక్తం చాలని మాయ కొన్ని పదార్థాల్ని తల్లి రక్తంలోకి వదుల్తుంది. అవి ఒళ్లంతా రక్తనాళాల లోపలి పొరని దెబ్బతీస్తాయి. బీపీ పెరుగుతుంది, కిడ్నీల్లోంచి ప్రొటీన్ యూరిన్‌లోకి కారుతుంది, లివర్ మీద కూడా పడొచ్చు. దీన్నే ప్రీఎక్లాంప్సియా అంటారు. ముదిరి ఫిట్స్ వస్తే అది ఎక్లాంప్సియా, మన పెద్దవాళ్లు గుర్రపు వాతం అనేది దాన్నే. మా భాషలో చెప్పాలంటే బీపీ అనేది స్క్రీన్ మీద వచ్చే అలర్ట్ మాత్రమే, బగ్ మాయలో ఉంది. అందుకే మందులు బీపీని అదుపులో పెడతాయి గానీ జబ్బుని తీసేయలేవు. కాన్పు అయి మాయ బయటికి వచ్చాకే అది తగ్గడం మొదలవుతుంది.

అందుకే "టెన్షన్ పడి తెచ్చుకుంది" అని ఆడపిల్లని అనడం నాకు మహా చిరాకు. అలిసన్ ఫెలిక్స్ తెలుసుగా, ఒలింపిక్స్ రన్నర్? ఆమెకీ 2018లో 32 వారాలకే ప్రీఎక్లాంప్సియా ముదిరి ఎమర్జెన్సీ ఆపరేషన్ చేశారు. అంత ఫిట్‌గా ఉన్న మనిషికే వచ్చింది. మొదటి కాన్పు, కవలలు, ముందునుంచే బీపీ, షుగర్, కిడ్నీ సమస్య, అమ్మకో అక్కకో వచ్చి ఉండటం, ఇలాంటివి ఉంటే అవకాశం ఎక్కువ. ఉప్పు సంగతికొస్తే, ప్రీఎక్లాంప్సియా రాకుండా ఉప్పు తగ్గించమని డబ్ల్యూహెచ్ఓ చెప్పట్లేదు. మంచం దిగకుండా పడుకుంటే తగ్గుతుందనీ చెప్పట్లేదు. అలాగని ఆవకాయ జాడీ ముందేసుకోమని కాదు.

ఇప్పుడు నంబర్లు. 20 వారాలు దాటాక పైది 140 గానీ, కిందిది 90 గానీ, ఏ ఒక్కటి వచ్చినా అదే రోజు డాక్టర్‌కి చెప్పాలి. పైది 160 లేదా కిందిది 110 వస్తే ఆలోచించేదేం లేదు, 108కి ఫోన్ చేయండి. నంబర్ ఎంతున్నా సరే, తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, చూపు మసకబారడం, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, ఆయాసం, బిడ్డ కదలికలు తగ్గడం, వీటిలో ఏదున్నా వెంటనే ఆసుపత్రికే. పక్కటెముకల కింద నొప్పిని గ్యాస్ అనుకుని ఈనో తాగేవాళ్లు ఉంటారు. ఆ పొరపాటు చేయొద్దు.

కొలిచేటప్పుడు యూరిన్‌కి వెళ్లొచ్చి, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలమీద పెట్టి 5 నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో, టేబుల్ మీద. కాఫీ తాగి అరగంట అవ్వాలి. మాట్లాడకూడదు (మా అక్కకి అన్నిటికంటే కష్టం ఇదే). నిమిషం గ్యాప్‌తో రెండుసార్లు చూసి రెండూ రాసుకోండి. మణికట్టు మెషిన్ కంటే జబ్బకి కట్టేదే మేలు, పట్టీ సైజు సరిపోవాలి. చెకప్‌కి వెళ్లినప్పుడు మెషిన్ తీసుకెళ్లి అక్కడి రీడింగ్‌తో పోల్చి చూసుకోండి. ఇక ఫోన్ కెమెరా మీద వేలు పెడితే బీపీ చెప్తామనే యాప్స్ ఉన్నాయి కదా, యాప్స్ రాసిన వాడిగా చెప్తున్నా, డిలీట్ చేసేయండి.

ఇంట్లో మెషిన్ లేకపోతే ఆశా వర్కర్‌ని అడగండి, పీహెచ్‌సీలో చూస్తారు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులకి ఫ్రీగా చెకప్ ఉంటుంది.

మళ్లీ అక్క దగ్గరికొద్దాం. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లాం. యూరిన్‌లో ప్రొటీన్ ఉంది. ప్లేట్‌లెట్స్, లివర్, కిడ్నీ టెస్టులు బాగానే వచ్చాయి. రెండు రోజులు ఉంచి, లాబెటలాల్ రాసి పంపారు. రోజుకి రెండుసార్లు బీపీ, వారానికి రెండుసార్లు చెకప్. 37 వారాలు నిండగానే నొప్పులు తెప్పించి కాన్పు చేశారు. పాప పుట్టింది, 2 కిలోల 400 గ్రాములు. అందరం హమ్మయ్య అనుకున్నాం.

తప్పు చేసింది అక్కడే. ఇంటికొచ్చాక బీపీ మెషిన్ అలమరలోకి వెళ్లిపోయింది. అందరి చూపూ పాప మీదే. నాలుగో రోజు అక్క తలనొప్పి అంటే నిద్రలేకేమో అనుకున్నాం. సాయంత్రానికి కళ్ల ముందు మెరుపులు అంది. చూస్తే 164/112. కాన్పు తర్వాత 3 నుంచి 6 రోజుల మధ్య బీపీ బాగా పెరగొచ్చని మాకు అప్పటిదాకా తెలీదు. ఆసుపత్రిలో ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చారు. ఒళ్లంతా మంటగా ఉందని అక్క ఏడ్చింది గానీ ఫిట్స్ రాలేదు. ఆ రాత్రంతా పాప నా ఒళ్లోనే ఉంది. జీవితంలో అంత భయపడింది లేదు.

కాబట్టి కాన్పు అయ్యాక కూడా 6 వారాలు బీపీ చూస్తూనే ఉండండి, డాక్టర్ ఆపమనేదాకా టాబ్లెట్ ఆపొద్దు. తర్వాతి కాన్పుకి మొదటి చెకప్‌లోనే "పోయినసారి బీపీ వచ్చింది" అని చెప్పండి. అలాంటివాళ్లకి 12 వారాల నుంచే తక్కువ డోసు ఆస్పిరిన్ మొదలుపెడతారు, డాక్టర్ చూసి ఇస్తేనే. ఈ జబ్బు వచ్చినవాళ్లకి పెద్దయ్యాక బీపీ, గుండె జబ్బు వచ్చే అవకాశం కూడా ఎక్కువ, ఏడాదికోసారి చూపించుకోవాలి.

అక్క ఇప్పుడు బానే ఉంది, ఈసారి కొలిచే చెప్తున్నా: నిన్న 118/76. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగుంటే కామెంట్‌లో రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో గర్భిణుల్లో వచ్చే షుగర్ గురించి మాట్లాడదాం.