లాభం కంపెనీది, నష్టం ప్రజలదా?



డైరీకి చేరేలోగా పాలు విరిగితే ఆ నష్టం మన సంఘమే భరిస్తుంది. మరి పెద్ద కంపెనీ నష్టపోతే? అమెరికాలో జరిగిన సంగతి చూద్దాము.

2008 నవంబరులో జనరల్ మోటార్స్ మొదలైన మూడు కార్ల కంపెనీల అధిపతులు సర్కారు సహాయం కోరటానికి ప్రత్యేక విమానాలలో వాషింగ్టన్ వెళ్ళారు. చేయి చాచేవారికి ఈ దర్జా ఏమిటని ప్రజలు మండిపడ్డారు. కంపెనీ మూతపడితే విడిభాగాల కార్ఖానాలు కూడా మూతపడి లక్షలాది మందికి పని పోతుందని ప్రభుత్వం జనరల్ మోటార్స్‌కు అప్పుగా, వాటాగా సుమారు 4,950 కోట్ల డాలర్లు ఇచ్చింది. అయినా 2009 జూన్‌లో కంపెనీ దివాలా కోర్టుకెక్కింది. పాత వాటాదారులకు ఏమీ దక్కలేదు. 2013 డిసెంబరులో ప్రభుత్వం చివరి వాటాలు అమ్మేసరికి 1,000 కోట్ల డాలర్లకు పైగా నష్టం తేలింది. అది పన్ను కట్టినవారి సొమ్ము.

ఎందరికో పని నిలిచిన మాట నిజమే. కాని లాభం వచ్చిన ఏళ్ళలో భాగం లేని ప్రజలకు నష్టంలో భాగం వచ్చింది. వారి కోపమంతా అందుకే.

మన సంఘంలో లాభమూ మనదే, నష్టమూ మనదే. సభ్యునికొక ఓటు ఉన్నది. కనుక మహాజన సభకు తప్పక రండి. ఆడిట్ రిపోర్టు చదివించుకొని సందేహాలు అడగండి. నష్టం పేరుకున్నాక ఆదుకొనేవారి కోసం ఎదురుచూడటం కంటే ముందుగా లెక్క అడగటమే మేలు.